పెదనాన్నకి బీసీజీ ఎందుకు ఎక్కించారు?

నేను అనకాపల్లిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అందుకని ఎవరికి ఆసుపత్రి చీటీ ఇచ్చినా ఫొటో తీసి నాకే పంపుతారు.

మాడుగుల వైపు నుంచి పనికొచ్చి కొండకర్లలో ఉండిపోయిన మా పెదనాన్నకి పోయినేడు మూత్రంలో నెత్తురు పడింది. నొప్పి లేదు. "వేడి చేసిందిరా" అని మజ్జిగ, బార్లీ నీళ్లు తాగాడు. నెత్తురు ఆగింది. రెండు నెలలకి మళ్లీ పడింది. విశాఖలో గొట్టం పెట్టి చూస్తే మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ. గోకి తీసేశారు. మళ్లీ రాకుండా వారానికోసారి, ఆరు వారాలు మందు ఎక్కించాలన్నారు. చీటీలో బీసీజీ అని ఉంది.

"అది టీబీ టీకా కదేటి? నాకు టీబీ కూడా ఉందా?" అని పెదనాన్న బెంగ.

టీకా అదే. పుట్టగానే వేస్తే మన భుజం మీద మచ్చ పడుతుందే, అదే సరుకు. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు పశువుల టీబీ సూక్ష్మజీవిని 13 ఏళ్లు పెంచి పెంచి దాని కోరలు పీకేశారు. 1921లో మొదటిసారి ఒక బిడ్డకి ఇచ్చారు. 1976లో కెనడాలో మొరాలెస్ అనే డాక్టరు దాన్ని మూత్రాశయంలోకి ఎక్కిస్తే గడ్డలు తిరిగి రావడం తగ్గిందని రాశాడు. అసలు ఈ ఆలోచన ఇంకా పాతది. న్యూయార్కులో కోలీ అనే సర్జన్ 1891లోనే గడ్డల్లోకి సూక్ష్మజీవుల్ని ఎక్కించి చూశాడు.

క్యాన్సర్ కణం మన ఒంట్లో పుట్టిందే కాబట్టి కాపలా కణాలు దాన్ని సరిగా పట్టించుకోవు. బీసీజీ లోపలి పొరకి అంటుకోగానే ఊళ్లో దొంగ పడ్డట్టు అవన్నీ పరిగెత్తుకొస్తాయి. ఆ గొడవలో మిగిలిన క్యాన్సర్ కణాలూ చస్తాయి. కానీ గడ్డ కండలోకి దిగిపోతే ఇది చాలదు.

మందు పోశాక రెండు గంటలు ఆపుకోవాలి. "ఆవలో దోనె మీద పొద్దంతా కూర్చునేవాడిని, ఇదెంత" అన్నాడు. మూడో వారం మంటకి మాత్రం మానేస్తానన్నాడు. కొంచెం మంట, జ్వరం మామూలే, జ్వరం గట్టిగా ఉంటే వెంటనే చెప్పమన్నారు. బతికున్న సూక్ష్మజీవి కదా, మరుగుదొడ్లో బ్లీచింగ్ కూడా వేయమన్నారు.

అడ్డపొగ తాగే మామ్మలకి అంగిట్లో క్యాన్సర్ వస్తుందని మనకి తెలుసు. పొగాకు విషం మూత్రంలోకి దిగి అక్కడ నిలవుంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మూత్రాశయం క్యాన్సర్‌కి పెద్ద కారణం పొగే. మీ ఇళ్లలో ఎవరికైనా ఒక్కసారి నెత్తురు పడినా, నొప్పి లేకపోయినా, ఆగిపోయినా చూపించండి.

పెదనాన్నకి ఆరు మందులూ అయ్యాయి. మళ్లీ గొట్టం పరీక్ష సంక్రాంతి తర్వాత. చుట్ట రోజుకి ఒకటికి దిగింది, పెద్దమ్మ లెక్క ప్రకారం రెండు.