అవ్వ గంధపు చెక్క

మా అవ్వ దేవుడి గూట్లో బొటనవేలంత గంధపు చెక్క ఉండేది. శుక్రవారం నాడు సాన మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి అరగదీస్తుంటే ఇల్లంతా ఘుమఘుమలాడేది. నేను దాంతో ఆటలాడితే, "గాడిదకేం తెలుసురా గంధపు పొడి వాసన!" అని కసిరేది.

తరాల క్రితం ధర్మపురి ప్రాంతంలో స్థిరపడ్డ తెలుగువాళ్లం మేము. హరూరు వైపున్న చిత్తేరి కొండలు శ్రీచందనానికి పేరుపడ్డవి. అయినా మా పొలం గట్టున పిట్టలు రాల్చిన గింజ మొలిస్తే నాయన పీకి పారేసేవాడు. పట్టా భూమిలో మొలిచినా ఆ చెట్టు మీద పెత్తనం సర్కారుదే. "చెట్టు పెరిగితే దొంగలొస్తారు, వాళ్ల వెనకే పోలీసులొస్తారు. మనకెందుకురా?" అనేవాడు. అది పిరికితనమనుకున్నాను.

1992 జూన్ 20న ఆ కొండల కిందే ఉన్న వాచాత్తి మీద అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది విరుచుకుపడ్డారు. చందనం దాచారన్న నెపంతో గిరిజనులను కొట్టి, ఇళ్లు ధ్వంసం చేశారు. పద్దెనిమిది మంది ఆడవాళ్లు అత్యాచారానికి గురయ్యారు. 2011లో కోర్టు 269 మందినీ దోషులన్నది. అప్పటికే 54 మంది చనిపోయారు. 2023లో మద్రాసు హైకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. నాయన భయం నాకు అప్పుడు అర్థమైంది.

తమిళనాడులో 2002లో చట్టం మారి, పట్టా భూమిలో చందనం చెట్టు రైతుదే అయింది. కొట్టాలంటే మాత్రం అనుమతి కావాలి. అడవిలో చెట్టు తరిగిపోయి, శ్రీచందనం ఇప్పుడు ప్రపంచంలో ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.

మొన్నామధ్య మా అబ్బాయి పెరట్లో రెండు మొక్కలు నాటి, పక్కనే కంది విత్తాడు. చందనం తన వేళ్లతో పక్క మొక్క వేళ్లను పట్టుకుని నీరు, పోషకాలు తీసుకుంటుంది. తోడు లేకపోతే సరిగా ఎదగదు. వాసనంతా చేవలోనే ఉంటుంది. అది ముదరడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఎనభై దాటిన నాయన కర్ర ఊతంతో వెళ్లి వాటిని చూశాడు. పీకేస్తాడేమోనని నా గుండె దడదడలాడింది. ఆయన వంగి, ఆకు నిమిరి, "కంచె గట్టిగా వేయించరా" అన్నాడు.

అవ్వ చెక్క ఇప్పుడు గోరంత మిగిలింది. దాన్ని అరగదీయడం మానేశాం.