గోధుమ లేని డబ్బా

షోలాపూర్ అంటేనే జొన్నరొట్టె, పల్లి చట్నీ. అట్లాంటి ఊర్లో ఉండి, గోధుమ పడని పిల్లకు ఏం పెట్టాలని బెంగ పెట్టుకునుడేందని మా వాడలో చానామంది అడిగిండ్రు. నిజమే, వంట కష్టం కాదు. కష్టమంతా టైముతోటి, గిర్నీతోటి, పక్కింటివాళ్ళు ప్రేమతో చేతిలో పెట్టే బిస్కెట్టుతోటి.

మా చిన్నదానికి 7 ఏండ్లప్పుడు సీలియాక్ అని తేలింది. అంతకుముందు రెండేండ్లు కడుపుబ్బరం, విరేచనాలు, రక్తం తక్కువ. ఒకరు నులిపురుగుల మందు పోసిండ్రు, ఇంకొకరు ఐరన్ టానిక్కు రాసిండ్రు. పిల్ల 14 కిలోల దగ్గరే ఆగిపోయింది. ఆఖరికి ఒక పిల్లల డాక్టరమ్మ టీటీజీ అనే రక్తపరీక్ష చేయించి, అది ఎక్కువ రాగానే గొట్టం వేయించి చిన్నపేగులోంచి ముక్క తీయించి చూసింది. గోధుమలో, బార్లీలో, రై అనే ధాన్యంలో గ్లూటెన్ అనే జిగురు ఉంటది. ఈ జబ్బున్నవాళ్ళు అది తింటే ఒళ్ళే తన పేగు మీద తాను తిరగబడుతది. తిన్నది ఒంటికి పట్టదు. దీనికి మాత్రలు లేవు, బతికినన్ని రోజులు పత్యమే. ఎవరి పిల్లల మీదనన్నా ఇట్లాంటి అనుమానం ఉంటే ఒక మాట గుర్తుపెట్టుకోండి. పరీక్షలు అయ్యేదాకా గోధుమ మానిపించొద్దు. ముందే మానిపిస్తే జబ్బున్నా పరీక్షలో కనపడకపోవచ్చు.

ఇక టైము సంగతి. ఆయనది పవర్‌లూమ్ మీద రాత్రి పాళీ, నాది బీడీల పని. ఈ పని చేసేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. తునికాకు కత్తిరించుకొని చేట ఒళ్ళో పెట్టుకున్నాక, మళ్ళీ లేచి పిండి ముట్టుకునేది లేదు. పొగాకు చెయ్యి రెండుసార్లు సబ్బుపెట్టి కడిగినా వాసన పోదు. ఆ చేత్తో పసిపిల్లకు రొట్టె ఎట్ల తడతం? 1000 బీడీలు చుట్టాలంటే పొద్దున 8 లోపల పిల్ల తిండి మూడు పూటలదీ ఒక దారికి రావాలి. అందుకే నా వంటంతా ఆదివారం మొదలైతది.

అంతకంటే ముందు గిర్నీ. జొన్నల్లో గ్లూటెన్ లేదు గాని, గోధుమలు పట్టిన చక్కీలో జొన్నలు పోస్తే ఆ పిండిల గోధుమ కలుస్తది. మన కంటికి కనపడదు, పిల్ల కడుపుకు తెలుస్తది. మా దగ్గరి గిర్నీలో జొన్నలకు వేరే చక్కీ ఉంది. అయినా పక్కన గోధుమ పడుతుంటే ఆ దుమ్ము గిర్నీ అంతా లేస్తది. గిర్నీ కాకాతో మాట్లాడి, పొద్దున తాళం తీయంగనే నాదే మొదటి డబ్బా అని ఒప్పించుకున్న. మొదట పడ్డ రెండు గిద్దెల పిండి వేరే తీసి మేం వాడుకుంటం. తర్వాత వచ్చేది పిల్లది. కాకా మొదట్లో నవ్విండు. ఇప్పుడైతే నేను పోకముందే చక్కీ మూతి బ్రష్షుతో ఊడ్చి పెడతడు. జల్లెడ మాత్రం ఇంటి నుంచే తీసుకపోత. గిర్నీ జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న గోధుమపిండి ఎంత దులిపినా పోదు. ఇంట్ల కూడా పిల్లకు పెనం, జల్లెడ, పీట వేరే. ముందు ఆమె రొట్టె కాల్చినాకనే మా చపాతి.

గిర్నీ బాధే లేకుండ చేసుకునే ఉపాయం మా అమ్మ చెప్పింది. జొన్నలే నానబోసి రుబ్బమంది. రెండు గ్లాసులు జొన్నలు, ఒక గ్లాసు బియ్యం, ఒక గ్లాసు మినపపప్పు, చెంచాడు మెంతులు. ఆదివారం పొద్దున నానబోసి సాయంత్రం రుబ్బి పెడితే సోమవారం ఇడ్లీ, మంగళవారం దోసె. బుధవారానికి పిండి పులుస్తది, అప్పుడు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి గుంత పొంగనాలు. పొంగనాలు డబ్బాలో పెట్టినా గట్టిపడవు, చేతికి అంటవు. బడిలో పక్కపిల్లలు అడిగి తింటరు. మా పిల్లకు అదొక గొప్ప.

గురువారం నుంచి కడక్ రొట్టె. పిండిలో మరిగే నీళ్ళు పోసి కలుపుత. గోధుమలో ఉన్న జిగురు జొన్నలో లేదు, వేడినీళ్ళే దాన్ని పట్టి ఉంచేది. పిండి పాతబడితే ఎంత వేడినీళ్ళు పోసినా అంచులు పగులుతయి. అందుకే 10 రోజులకు సరిపడా మాత్రమే పట్టిస్త. పల్చగా తట్టి మామూలు రొట్టె లెక్కనే కాల్చి, ఆ తర్వాత సన్నమంట మీద గుడ్డతో ఒత్తుకుంట తేమంతా పోనిస్త. అప్పడం లెక్క పెళపెళ విరగాలె. ఇరవై రొట్టెలు చేసి రేకుడబ్బాలో పెడితే వారాలు నిలవుంటయి. పప్పులో విరిచేసినా సరే, పెరుగులో నానేసినా సరే. పల్లి చట్నీ, నూనె వేస్తే ఇంకేం వద్దు. నేను బీడీలు ఇచ్చి వచ్చేసరికి లేటయినా, పిల్ల తనంతట తాను తీసుకొని తింటది.

దీనికి తోడు రెండు పొడులు, పుట్నాల పొడి, పల్లి కారం. రెండిట్లో ఇంగువ వెయ్య. పొడి ఇంగువ డబ్బా వెనక చదివి చూడండి, చానావాటిలో గోధుమపిండో మైదానో కలిసుంటది. ఈ సంగతి తెలిసినాక మా అత్తమ్మ ఇంగువ డబ్బాను తేలును చూసినట్టు చూసింది. పాలల్లో కలిపే పొడుల్లో కూడా మాల్ట్ అని ఉంటే బార్లీ అన్నట్టే. మా పిల్లకు జొన్న గట్క, సల్ల. కరీంనగర్ దిక్కు నుంచి మా తాతలు మగ్గం పనికి వచ్చినప్పుడు తెచ్చుకున్న తిండి అది. గట్క, అంబలి, సర్వపిండి, సకినాలు, వీటిలో దేంట్లోనూ గోధుమ లేదు. మనమే చపాతి నేర్చుకొని గట్కను పేదోళ్ళ తిండి చేసినం.

ఇంకొకటి నాకు ఇక్కడి మరాఠీ వాళ్ళ దగ్గర దొరికింది, ఏకాదశి తిండి. ఉపాసమున్నవాళ్ళు గోధుమ ముట్టరు కదా. సగ్గుబియ్యం ఖిచిడి, భగర్, రాజ్‌గిరా లడ్డు, పల్లి చిక్కి అన్నీ మా పిల్లకు పనికొచ్చేవే. ఊరికి పోయేటప్పుడు బస్సుస్టాండులో ఏమీ కొనలేని చోట ‘ఉపాసం చిప్స్ ఉన్నయా’ అని అడుగుత. సమోసాలు వేయించిన నూనెలో వేసినవి కాదు కదా అని కూడా అడుగుత. దుకాణపాయన నన్ను మహా నిష్ఠగల మనిషి అనుకుంటడు.

ఖర్చు సంగతి దాచేదేం లేదు. రేషన్‌లో వచ్చే గోధుమలు మేం ముగ్గురం తింటం, పిల్ల వాటాకు జొన్నలు బజార్ల కొనాలె. మాల్‌దండి జొన్న గోధుమల కంటే పిరం. గ్లూటెన్ ఫ్రీ అని అచ్చేసిన పాకెట్లు ఉన్నయి. కిలోకు 20 మిల్లీగ్రాములు దాటొద్దని సర్కారు లెక్క. కాని ఆ బిస్కెట్ల ధరకు మాకు రెండు రోజుల కూరగాయలొస్తయి. పుట్టినరోజుకు ఒకసారి కొన్న. పిల్ల ఒకటి తిని ‘నీ సకినమే బాగుంది’ అన్నది. పైసలు మిగిల్చిందని సంతోషపడాల్నో, నా కోసం అన్నదేమోనని బాధపడాల్నో తెలియలేదు.

అత్తమ్మతో మాత్రం చానా రోజులు పట్టింది. సత్యనారాయణ పూజలో రవ్వ ప్రసాదం వద్దంటే ‘దేవుని ప్రసాదం గోరంత తింటే ఏమైతదే’ అన్నది. గోరంతైనా పేగుకు దెబ్బే అని డాక్టరమ్మ చెప్పిందంటే నమ్మలే. ‘నలుగురిలో చెప్పకు, ఆడపిల్ల, రేపు సంబంధాలు రావు’ అని ఇంకో భయం. ఆమె భయం ఉత్తది కాదు, మనవాళ్ళ సంగతి నాకూ ఎరికే. కాని చెప్పకుంటే ఎవరి ఇంట్లో ఏం పెడతరో ఎట్ల ఆపాలె? దాస్తే సంబంధం మిగులుతదేమో, పిల్ల మిగలాలె కదా అన్న. ఆ రోజు ఆమె ఏమీ అనలే. ఎనిమిది నెలలకు పిల్ల 17 కిలోలు తూగింది, మూడుసార్లు విప్పి పొడుగు చేసినా గౌను పొట్టిగైంది. ఆ ఏడు శ్రావణంలో పూజ మా ఇంట్లనే. అత్తమ్మ నన్నడగకుండనే పంతులుకు చెప్పి అటుకులు, బెల్లం, కొబ్బరి ప్రసాదం చేయించింది. వచ్చినవాళ్ళు ఎందుకట్ల అంటే ‘కృష్ణునికి కుచేలుడు ఇచ్చింది రవ్వనా?’ అని ఎదురడిగింది.

ఇప్పుడు నాకున్న దిగులు పై ఏడాది గురించి. పెద్దబడి దూరం, మధ్యాహ్నం నేను కనపడను. ఇక్కడ ఖిచిడి అన్నం పెడతరు కాబట్టి సరిపోయింది, అక్కడ బయట బండ్ల మీద వడాపావ్, సమోసా. అందుకని మరాఠీలో ఒక మాట నేర్పిన, ‘యాత్ గహూ ఆహే కా?’ ఇందులో గోధుమ ఉందా అని. ఎవరు ఏది పెట్టినా ముందు అదడగాలె. మొన్న సంతలో అరటిపండ్ల ముసలామెను కూడా అడిగింది.