పాత కార్ల తిరునాళ్లు

ఆగస్టు మూడో శనివారం అమెరికాలోని డెట్రాయిట్ శివార్లకు వెళ్తే మీ చెవులు మీవి కావు. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా పాత కార్లు వేల సంఖ్యలో గర్జిస్తూ తిరుగుతుంటాయి. జనం రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని, తినుబండారాలతో పొద్దుగూకేదాకా కూర్చుంటారు. అచ్చం మన రథోత్సవమే! 1995లో మొదలైన ఈ సంబరం పేరు ‘వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్’.

ట్రాయ్‌లో ఉండే మా అబ్బాయి దగ్గరికి మేం జులైలోనే వెళ్లాం. గ్యారేజీలో 1972 నాటి షెవర్లే నోవా గేర్‌బాక్స్ ఊడదీసి ఉంది. రెండేళ్లుగా వాడి సెలవులన్నీ దానికే. ‘ఆ డబ్బుతో నెల్లూరులో స్థలం వచ్చేది కదరా’ అన్నాను. వాడు నవ్వాడు, కోడలు నవ్వలేదు.

గొడవంతా టార్క్ కన్వర్టర్ దగ్గర. ఆటోమేటిక్ కారులో క్లచ్ పెడలుండదు, ఆ పని ఇది చేస్తుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది చూడండి, అలాగన్నమాట. ఇక్కడ గాలికి బదులు ఆయిల్. మధ్యలో స్టేటర్ అనే రెక్కల చక్రం ఆయిల్‌ని మళ్లించి, బండి కదిలేటప్పుడు ఇంజన్ బలాన్ని పెంచుతుంది. జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫాటింగర్ 1905లో ఓడల కోసం దీన్ని రూపొందించాడట.

ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం అందుకున్నాక కన్వర్టర్ గట్టిగా పట్టుకుంటుందో దాన్ని స్టాల్ స్పీడంటారు. ‘సిగ్నల్ దగ్గర పులిలా దూకుతుంది’ అని అమ్మినాయన చెప్పిన మాట నమ్మి మావాడు 3,000ది కొన్నాడు. వెనక యాక్సిల్ గేరు నిష్పత్తేమో 3.08. గంటకు 60 మైళ్ల మీద వెళ్తున్నా ఇంజన్ తిరిగేది సుమారు 2,400 ఆర్‌పీఎమ్మే. అంటే హైవే మీద కూడా కన్వర్టర్ జారుతూనే ఉంటుంది. జారిన బలమంతా వేడే. కొన్నాళ్లకే ఎర్రటి ఆయిల్ గోధుమరంగుకు తిరిగి మాడు వాసన కొట్టింది. లోపలి క్లచ్ ప్లేట్లు కూడా పోయాయి.

నేను ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు చేశాను. కన్వర్టర్ల సంగతి తెలీదుగానీ, బండి లెక్క ఎక్కడైనా ఒకటే. కారు బరువు, వెనక గేరు, టైరు ఎత్తు, కామ్‌షాఫ్ట్ ఏ ఆర్‌పీఎంలో లాగుతుందో అన్నీ కాగితం మీద రాయమన్నాను. రాస్తూనే వాడి మొహం మారింది. ఈసారి 2,200ది తెప్పించాడు, రేడియేటర్ ముందు ఆయిల్ కూలర్ కూడా బిగించాం. కన్వర్టర్‌ని తిప్పుతూ లోపలికి నెట్టాలి, పూర్తిగా కూర్చోవాలి. బోల్టులు వేసేముందు ఫ్లెక్స్‌ప్లేట్‌కీ దానికీ మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల సందు ఉండాలి. చూడకుండా బిగిస్తే ఆయిల్ పంపు విరుగుతుంది. మేం రెండుసార్లు కొలిచాం.

ముందురోజు పరీక్షగా హైలాండ్ పార్క్ వైపు వెళ్లాం. ఫోర్డ్ 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టిన ఫ్యాక్టరీ ఇక్కడిదే. ఆ దగ్గర్లోనే, 1909లో ఒక మైలు పొడవున కాంక్రీటు రోడ్డు వేసిన చోటు. అమెరికాలో అలాంటిది అదే మొదటిదని చెబుతారు. నేను మాత్రం ఏదీ సరిగ్గా చూడలేదు, ఆయిల్ మీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాను. 180 ఫారన్‌హీట్ దాటలేదు.

శనివారం పొద్దున కోడలు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. బర్మింగ్‌హామ్ దగ్గర ట్రాఫిక్‌లో నత్తనడక. పక్కకారు పెద్దాయన అద్దం దించి కన్వర్టర్ ఎంతదని అడిగాడు. మావాడు నావైపు వేలు చూపించాడు.

వచ్చే ఏడాది పెయింటు వేయిస్తాడట. ఎంతవుతుందో నేను అడగలేదు.