యూదా మాట

యోసేపు కథ అనగానే అందరికీ ఆ రంగురంగుల అంగీ గుర్తొస్తుంది. నాకైతే ఆదికాండం 44వ అధ్యాయంలో యూదా గుర్తొస్తాడు. తమ్ముడు యోసేపుని అమ్మేద్దామని సలహా ఇచ్చిన పెద్దమనిషి ఈయనే. 20 తులాల వెండికి అమ్మేశారు కూడా. ఏళ్లు గడిచాయి, కరువొచ్చింది. గింజల కోసం అన్నదమ్ములు ఐగుప్తుకు వెళ్తే, చిన్నవాడు బెన్యామీను గోనెలో అక్కడి అధికారిగారి వెండి గిన్నె దొరికింది. వీణ్ణి బానిసగా ఉంచేసుకుంటానన్నాడాయన. ఆయనే యోసేపని వీళ్లకి తెలీదు.

అప్పుడు యూదా ముందుకొచ్చాడు. తండ్రి అన్న మాట కూడా దాచకుండా చెప్పాడు: నా భార్య నాకు ఇద్దరు కొడుకుల్ని కన్నదని ముసలాయన అన్నాడట. ఆ ఇద్దరూ, అంటే యోసేపు, బెన్యామీను, రాహేలు పిల్లలు. యూదా మరో భార్య లేయా కొడుకు. అంటే ఆ లెక్కలో తను లేనే లేడు! ఆ మాట తన నోటితోనే, నిష్ఠూరం లేకుండా చెప్పి, అదే తండ్రి కోసం తమ్ముడి బదులు తాను బానిసగా ఉంటానన్నాడు. ముసలాయన పక్షపాతం మాత్రం ఎక్కడికీ పోలేదు.

యోసేపు ఇక ఆపుకోలేక బావురుమన్నాడు. తర్వాత బళ్లిచ్చి, గింజలిచ్చి, నాన్నను తీసుకురమ్మని పంపుతూ దారిలో పోట్లాడుకోవద్దని కూడా చెప్పాడు. అన్నల సంగతి ఆయనకు తెలీదా మరి!