కొబ్బరిమొక్క నాటరాని నేల

యానాంలో ఉండేవారికి కోనసీమ పరాయిదేశం కాదు. పూర్వం పంటుమీద గౌతమి దాటేవాళ్ళం. ఇప్పుడు ఎదుర్లంక వంతెనమీద బస్సు ఎక్కి కూర్చుంటే చాలు. మొన్న సంక్రాంతికి పాశర్లపూడి దగ్గరనున్న మా అక్కయ్య ఊరికి అట్లాగే బయలుదేరాను. మురమళ్ళ, ముమ్మిడివరం, అమలాపురం, దారి పొడుగునా కాలువలు, కొబ్బరిచెట్లే. బోడసకుర్రు దగ్గర వైనతేయ దాటితే వచ్చేశామన్నమాట.

1995 జనవరి 8న ఇక్కడి గ్యాసుబావి ఒకటి అదుపు తప్పి అంటుకున్నది. 65 రోజులు మండి మార్చి 15న గాని ఆరలేదు. అక్కయ్య ఇప్పటికీ గొంతు పెంచే మాట్లాడుతుంది. ఆ హోరులో పక్కవారికి వినబడాలంటే అరవవలసి వచ్చేదట. ఆ అలవాటు మిగిలిపోయిందని బావగారి వేళాకోళం.

మరునాడు ఉదయం ఆయనతో తోటలోకి వెళ్ళాను. చెట్ల వరుసల నడుమ బారుగా ఒక బోడిపట్టె, అక్కడక్కడ గుర్తురాళ్ళు. అడుగున గ్యాసుగొట్టం ఉన్నది.

"ఇందులో ఒక వరుస వేయలేకపోయారా, బావగారూ?"

"వేయకూడదోయ్. పట్టా నాపేరనే ఉంది. చెట్టుకు మాత్రం చోటు లేదు."

1962 నాటి గొట్టపుమార్గాల చట్టంలో ఉన్న చమత్కారం ఇదే. ప్రభుత్వం నేలను కొనదు, వాడుకొనే హక్కు మాత్రమే తీసికొంటుంది. రైతు దున్నుకోవచ్చు, ఊడ్చుకోవచ్చు. ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. ఆ హక్కుకు ఇచ్చేది భూమి ధరలో నూటికి 10 వంతులు. నరికిన చెట్లకు, పాడైన పంటకు వేరే కడతారు. వరిచేనుకు ఈ లెక్క సరిపోతుందేమో! చెట్టు వేయరాని కొబ్బరితోటకు నూటికి 90 వంతుల విలువ మిగిలిందన్నవారు కోనసీమ చూచి ఉండరు. అభ్యంతరం చెప్పడానికి గెజెట్టులో ప్రకటన పడిన నాటినుండి 21 రోజులు గడువు. గెజెట్టు ఏ కిళ్ళీకొట్టులో దొరుకుతుందో బావగారికీ తెలియదు, నాకూ తెలియదు.

"మరి అడుగునున్న గ్యాసు మీది కాదా?" అన్నాను.

కేరళ రైతుల వ్యాజ్యంలో 2013లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: చట్టం తీసివేస్తే తప్ప, నేల ఎవరిదో అడుగునున్న ఖనిజమూ వారిదే. వినడానికి బాగానే ఉన్నది. కాని చమురు, గ్యాసు తీయాలంటే 1948 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వపు కౌలు ఉండాలి. భూమిమీది బావులలో తీసినదానికి రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది, పట్టాదారుకు కాదు.

హ్యూస్టనులో ఉన్న మా మేనల్లుడు పండుగకు వచ్చి అరుగుమీదే ఉన్నాడు. టెక్సాసులో పైనేల ఒకరిదీ, కింది ఖనిజం ఇంకొకరిదీ కావచ్చునట. కిందివాడు గ్యాసు తీయడానికి అవసరమైనమేరకు పైనేలను వాడుకోవచ్చు, పైవాడు కాదనలేడు.

"అయితే కిందిహక్కు రైతుదే అయితేనో?"

"వాటా వస్తుంది, నాన్నా. కొందరు దానితోనే బ్రతుకుతారు."

బావగారు ఏమీ అనలేదు. పక్కనే ఉన్న నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గొట్టంనుండి కారిన గ్యాసు అంటుకొని ఎందరో చనిపోయారు. ఆ తరువాత చాలాకాలం ఈ పట్టె దాటేటప్పుడు ఆయన చుట్ట ఆర్పివేసేవారట. ఇప్పుడు చుట్టే మానివేశారు.

బయలుదేరేటప్పుడు మొలకెత్తిన కొబ్బరికాయలు రెండు సంచిలో పెట్టారు.

"ఎందుకండీ బస్సులో ఈ బరువు?" అన్నాను.

"తీసుకుపో. మీ పెరటికింద గొట్టం లేదుగా?" అన్నారు.