సాదా విమానం

ప్రొద్దుటూరు ఆడవాళ్లకు నగ ఆర్డరివ్వడం ఒకరు నేర్పాలా? మా వూరికి 'రెండో బొంబాయి' అని పేరు. కొట్లో అలా కూర్చున్నామంటే రాళ్ల బరువెంత, తరుగెంత, మజూరీ ఎంత అన్నది నోటిలెక్కన తేల్చేస్తాం. రాళ్లు పొదిగించిన కొద్దీ సోకు పెరుగుతుంది, బంగారం తగ్గుతుంది - కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు చెప్పిన పాఠం ఇది. ఆ పాఠం విమానం కొనేటప్పుడు కూడా పనికొస్తుందని ఈ మధ్యనే తెలిసింది.

నవ్వకండి. కొంటున్నది నేను కాదు. పులివెందులలో వున్న మా చెల్లెలి కూతురు. అమెరికాలో వుద్యోగం. తనూ, తనతో పనిచేసే మరో ఇద్దరూ తలా ఇంత వేసుకుని కొత్త విమానానికి అడ్వాన్సు కట్టారు.

విమానమంటే మనం తిరుపతి నుంచి హైదరాబాదు పోయేలాంటిది కాదు. ఇద్దరే పట్టే బుల్లి విమానం. అమెరికాలో 2004లో ఇలాంటి వాటికి 'లైట్ స్పోర్ట్' అని ఒక తరగతి ఏర్పరిచారు. ఒకే ఇంజను, రెండే సీట్లు. మనుషులూ, పెట్రోలూ, సామానూ అన్నీ కలిపి నేల మీంచి లేచేటప్పుడు బరువు 600 కిలోలు దాటకూడదు. 2025లో ఈ నిబంధనలను బాగా సడలించారు గానీ మా పిల్ల ఎంచుకున్నది పాత కొలతల బండే.

కబురు తెలిసిన రోజే మా చెల్లెలి ఫోను. "అక్కా, నీ కూతురు చేసే పని ఇన్నావా? ఇమానం కొంటాదంట! అందులోనూ ఏమీ లేని వట్టి ఇమానమంట! డబ్బు చాలకుంటే వూరుకోవచ్చు గదా!"

దాని భయం నాకు తెలుసు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు ఎక్కిన హెలికాప్టరు నల్లమలలో కూలింది. మర్నాటికి గానీ జాడ తెలియలేదు. ఆ రాత్రి పులివెందులలో నిద్రపోకుండా టీవీ ముందు కూర్చున్న ఆడవాళ్లలో మా చెల్లెలూ ఒకతి. అంతకుముందు 2004 ఏప్రిల్‌లో నటి సౌందర్య బెంగుళూరులో చిన్న విమానం కూలి చనిపోయినప్పుడూ అది రెండు రోజులు అన్నం ముట్టలేదు. అలాంటి తల్లికి 'ఏం కాదులే' అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

జమ్మలమడుగులో మా అన్నయ్య రిటైరైన సైన్సు మాస్టారు. పంచాయితీ ఆయన దగ్గరికి చేరింది. నలుగురం ఒకేసారి ఫోనులో కూర్చున్నాం.

"ఏమేం వద్దన్నావో చదవమ్మా" అన్నాడు అన్నయ్య.

"తనంతట తాను నడిపే ఆటోపైలట్, రెండో తెర, తోలు సీట్లు, రాత్రి దీపాలు వద్దన్నాను మామా. వేగం, ఎత్తు, దిక్కు చూపేవి, ఇంజను చుట్లు, ఆయిలు వేడి, ఒత్తిడి, పెట్రోలు కొలత, ఒక రేడియో. అంతే."

"పగలు, తేట ఆకాశంలో ఎగరడానికి అవి చాలు" అన్నాడు అన్నయ్య. 1938లో వచ్చిన పైపర్ కబ్ అనే పచ్చ విమానానికి బ్యాటరీ కూడా లేదట. పంకా చేత్తో తిప్పి ఇంజను లేపేవాళ్లట. పెట్రోలు ఎంతుందో చూడడానికి బెండుకు గుచ్చిన తీగ ఒకటి టాంకు మూతలోంచి పైకి కనబడేదట. అలాంటివి వేలకొద్దీ ఎగిరాయి.

తర్వాత బరువుల లెక్క వచ్చింది. 600 కిలోలలో ఖాళీ విమానం 370. మిగిలింది 230. ఇద్దరు మనుషులకు 150. 75 లీటర్ల పెట్రోలు 54 కిలోలు. ఇక మిగిలింది 26 కిలోలే! హంగులన్నీ అందులోంచే రావాలి. అవి పెరిగితే పెట్రోలు తగ్గించుకోవాలి. రాళ్లు ఎక్కువైతే బంగారం తగ్గినట్టే గదండీ!

"మీ లెక్కలు నాకెందుకు? పడితే ఏం గతి?" అంది చెల్లెలు.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. విమానం మొత్తాన్నీ మోసే పారాషూట్ ఒకటి వుందట. పిడి లాగితే చిన్న రాకెట్టు దాన్ని బయటికి లాగుతుంది. దాని వల్ల మొదటిసారి ఒక ప్రాణం దక్కింది 1983లో. బరువు సుమారు 15 కిలోలు. ఖరీదూ ఎక్కువే. అందుకని జాబితాలో రాయలేదు.

"అది పెట్టించు" అంది చెల్లెలు. "నా వాటా పొలం కౌలు డబ్బు పంపుతా."

"డబ్బు కాదమ్మా, అది పెడితే సామానుకు 11 కిలోలే మిగుల్తాయి."

"ఒక సంచి చాల్లే. ఇమానంలో కాపురం పెడతావా?"

పిల్ల పక్కున నవ్వి సరేనంది. తల్లి భయం బరువు పదిహేను కిలోలని ఆ పూట తేలింది.

నాకు సరళా తుక్రాల్ గుర్తొచ్చింది. 1936లో లాహోరులో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, చీరకట్టుతోనే జిప్సీ మాత్ విమానం ఒంటరిగా నడిపింది. అప్పటికే నాలుగేళ్ల బిడ్డ తల్లి. తర్వాత ప్రేమ్ మాథుర్‌కు పైలట్ వుద్యోగమిచ్చింది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేసే. వాళ్ల తల్లులు ఏయే దేవుళ్లకు మొక్కుకున్నారో!

"మరి మబ్బు పడితే?" చెల్లెలిది ఆఖరి ప్రశ్న.

మబ్బులో దూరితే నేల కనబడదు, చెవిలోని సమతూకం మనల్నే మోసం చేస్తుంది, పక్కకి వొరిగినా నిటారుగా వున్నట్టే వుంటుంది అని విప్పి చెప్పాడు అన్నయ్య. అందులో ఎగరడానికి వేరే పరికరాలు, వేరే శిక్షణ, వేరే లైసెన్సు వుండాలి. ఈ విమానానికి ఆ అనుమతే లేదు. మబ్బు పట్టిందంటే షెడ్డులోనే. దీపాలు లేవు గనుక పొద్దుగూకే లోపల దిగి తీరాలి.

అటువైపు నుంచి మా చెల్లెలి గొంతు మొదటిసారి కుదుటపడింది.

"దీపాలు పెట్టే యాళకు ఇంటికి రామ్మా అని ఇరవై ఏండ్లు చెప్పినా ఇనలేదు. ఆ ఇమానం చెప్తే ఇంటాదంటే, కొననీలే అక్కా!"