లారీ ప్రక్కన సైకిలు

హైదరాబాదు నగరమున ఆబిడ్సు, నాంపల్లి అను ప్రాంతములు ఒకదానికొకటి చేరువనున్నవి. ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అనునాతడు ఇచ్చట నొక దుకాణము పెట్టెను. ఆతని పేరే ఈ తావునకు నిలిచినది. నాంపల్లి రైలుస్టేషను 1907లోను, మొజంజాహి మార్కెట్టు 1935లోను వెలసినవి. ఆనాటి వీధులు జట్కాలకును, సైకిళ్లకును సరిపోవునవి. పది చక్రముల లారీని ఎవరును తలచియుండరు.

నేడు సైకిళ్లు తగ్గినవి గాని పోలేదు. వేకువనే వార్తాపత్రికలు పంచు బాలుడు, వెనుక డబ్బా కట్టుకొని చాయ అమ్మువాడు, పనికిపోవు కూలివాడు దానినే నమ్ముకొని యున్నారు. ఆదివారమున ఆబిడ్సు కాలిబాటపై పరచు పాతపుస్తకములకై సైకిలెక్కి వచ్చు విద్యార్థులును గలరు.

పగటివేళ భారీ లారీలు నగరములోనికి రాకుండ పోలీసులు కట్టడి చేసిరి. అందుచే చేరువనున్న బేగంబజారు, ఉస్మాన్‌గంజు వర్తకుల సరకు రాత్రివేళను, తెల్లవారుజామునను దిగుచుండును. పత్రికలు పంచు బాలుని వేళయు నదియే! కట్టడి మంచిదే, అది ఆ బాలునికి మాత్రము అక్కరకు రాలేదు.

లారీ వేగముగా పోవునపుడే ప్రమాదమని జనులు తలతురు. కూడలియొద్ద మెల్లగా ఎడమకు తిరుగు లారీ అంతకు తక్కువది కాదు. మన దేశమున చోదకుడు కుడివైపున, మిక్కిలి ఎత్తున కూర్చుండును. ఎడమ తలుపు దిగువను, లారీ ముందు మిక్కిలి చేరువను నిలిచినవాడు ఆతని కంటబడడు. సైకిలువాడు రోడ్డు ఎడమ అంచున పోవును గదా! ఎఱ్ఱదీపము వెలిగినపుడు సందు చూచుకొని దూరి, సరిగా ఆ కానరాని తావుననే నిలుచును. పచ్చదీపము వెలుగును, లారీ మలుపు తిరుగును. ముందుచక్రము దాటినది, ఇక భయము లేదని వాడనుకొనును. కాని వెనుకచక్రము ముందుచక్రపు జాడను నడువదు. మలుపును లోపలికి కోసికొని వచ్చును.

పల్లెలలో వీధిమూల నున్న యింటివారు గోడయొద్ద నొక రాయి పాతుట కలదు. ఎద్దులు మలుపు దాటినను బండిచక్రము మూలను ఒరసికొని పోవును. ఆ రాయి గోడను కాచును. సైకిలువానిని కాచు రాయి యేది?

అట్టిదియు నొకటి కలదు. లారీ ముందువెనుక చక్రముల నడిమి ఖాళీని ప్రక్కన ఇనుపకడ్డీలతో మూసినచో, పడినవాడు చక్రము క్రిందికి పోక వెలుపలికి నెట్టబడును. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో ఇట్టి కాపునకు చోటు కలదు. అయినను ఆ కడ్డీలు వంగినను, ఊడినను సరిచేయింపక తిరుగు లారీలు అరుదు కావు. లండను నగరమున 2015 సెప్టెంబరు 1వ తేదీనుండి ప్రక్కకాపును, తగిన అద్దములును లేని భారీ లారీలకు ప్రవేశము నిషేధించిరి. 12 టన్నులకు మించిన లారీలలో చోదకునికి కిటికీలగుండ నేరుగా ఎంత కనబడునో కొలిచి, దానినిబట్టి అనుమతినిచ్చు పద్ధతి 2021 మార్చినుండి అచ్చట అమలునకు వచ్చినది.

మన నగరమునందును 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి వెంట, సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలుబాట తెరచిరి. మెచ్చదగిన పనియే. కాని నాంపల్లిలో చాయ అమ్మువాడు అంతదూరము పోయి ఎవరికి అమ్మును? ఆతనికి కావలసినది కూడలియొద్ద లారీలకంటె ముందు, చోదకుని కన్నులయెదుట, సైకిళ్లు నిలుచుటకు గీతగీసిన కొద్దిపాటి చోటు.

అది వచ్చువరకు సైకిలువాడు ఒక గుర్తు పట్టుకొనవచ్చును. లారీ అద్దములో చోదకుని మొగము తనకు కనబడనిచో, తానును ఆతనికి కనబడడు. అపుడు ప్రక్కసందున దూరక లారీ వెనుకనే ఆగవలెను.

మునుపు ప్రతి లారీయందును క్లీనరు ఉండెడివాడు. మలుపుయొద్ద ఆతడు ఎడమకిటికీనుండి తల వెలుపలికి పెట్టి, తలుపును అరచేతితో చరచి సైకిలువానిని హెచ్చరించెడివాడు. ఖర్చు తగ్గించుటకై నేడు పలు లారీలను క్లీనరు లేకుండనే నడుపుచున్నారు. సైకిలువాడు వచ్చి నిలుచునది ఆ ఖాళీ ఆసనము ప్రక్కనే.